కోడలి పరుగు పద్దు

పరుగు పందెం అంటే మనందరికీ తెలిసింది ఒక్కటే. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు. స్కూల్లో స్పోర్ట్స్ డే దగ్గర్నుంచి టీవీలో ఒలింపిక్స్ దాకా మనం చూసేది అదే. మధ్యలో ఏం జరిగిందో పెద్దగా పట్టించుకోం.

ఈసారి నాకు ఆ మధ్యలో సంగతే కావలసొచ్చింది. మా కోడలు 2025 మే నెలలో ముంబైలో హైరాక్స్ అనే పందెంలో పాల్గొంది. 1 గంట 45 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేసింది. ఆ ఒక్క అంకె పట్టుకుని రెండు వారాలపాటు మా ఇంట్లో తలో మాటా అన్నారు. ఆ అంకె లోపల ఏముందో నేను విప్పి చూశాను. ఇదంతా తనని అడిగే రాస్తున్నాను. "రాయండి అత్తయ్యా, ఇంకెవరికైనా పనికొస్తుంది" అంది.

ముందు ఈ పందెం గురించి నాలుగు మాటలు చెప్తాను. లేకపోతే తర్వాత చెప్పేది బోధపడదు.

హైరాక్స్ 2017లో జర్మనీలోని హాంబర్గ్‌లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకాయన మోరిట్జ్ ఫ్యూర్స్టే. 2008లోనూ 2012లోనూ ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన జర్మనీ హాకీ జట్టులో ఆడినాయన. మన దేశంలోకి ఇది రావడం 2025 మేలో ముంబైలోనే మొదలు. ఎండలో రోడ్డు మీద కాదు, పెద్ద ఎగ్జిబిషన్ హాల్లో జరుగుతుంది. ఒక కిలోమీటరు పరిగెత్తాలి, ఒక కసరత్తు చెయ్యాలి. మళ్లీ ఒక కిలోమీటరు, మళ్లీ ఇంకో కసరత్తు. ఇలా ఎనిమిది సార్లు. ఏ దేశంలో జరిగినా వరస అదే, దూరాలు అవే, బరువులు అవే.

ఆ ఎనిమిది కసరత్తులూ ఇవి. మొదటిది స్కీ ఎర్గ్. నిలబడి రెండు పిడులు పట్టుకుని కిందికి లాగే యంత్రం, దాని మీద 1000 మీటర్లు. రెండోది చక్రాల్లేని ఇనప బండిని కార్పెట్ మీద 50 మీటర్లు తోయడం. ఆడవాళ్ల ఓపెన్ విభాగంలో బండితో కలిపి 102 కిలోలు. మూడోది అలాంటి బండినే 78 కిలోలతో తాడు పట్టి 50 మీటర్లు లాక్కోవడం. నాలుగోది బర్పీ బ్రాడ్ జంప్. నేలమీద బోర్లా పడుకుని, లేచి, రెండు కాళ్లూ కలిపి ముందుకి దూకాలి. మళ్లీ పడుకోవాలి, మళ్లీ దూకాలి. అలా 80 మీటర్లు. ఐదోది పడవ నడిపినట్టు లాగే రోయింగ్ యంత్రం మీద 1000 మీటర్లు. ఆరోది చేతికో 16 కిలోల బరువు పట్టుకుని 200 మీటర్ల నడక. మా చిన్నప్పుడు వీధి కుళాయి నుంచి రెండు బకెట్లు మోసుకొచ్చేవాళ్లమే, అదే. ఏడోది 10 కిలోల ఇసక మూట భుజాల మీద వేసుకుని, అడుగడుక్కీ వెనక మోకాలు నేలకి ఆనిస్తూ 100 మీటర్లు. ఎనిమిదోది వాల్ బాల్స్. 4 కిలోల బంతి పట్టుకుని గుంజీ తీసినట్టు పూర్తిగా కిందికి కూర్చుని, లేస్తూ, దాదాపు 9 అడుగుల ఎత్తులో ఉన్న గురికి తగిలేలా విసరాలి. వందసార్లు. సరిగా కూర్చోకపోయినా, గురికి తగలకపోయినా పక్కన నిలబడ్డ జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ప్రపంచంలో మేటి అనిపించుకున్నవాళ్లు, ఆడా మగా కూడా, ఇదంతా గంటలోపే చేసేస్తున్నారు. మా అమ్మాయి వాళ్లతో పోటీకి వెళ్లలేదు. 33 ఏళ్లు, ఆఫీసు ఉద్యోగం, పందెం నాటికి పాపకి ఏడాదీ ఎనిమిది నెలలు. పాపకి తొమ్మిదో నెల వచ్చాక మళ్లీ జిమ్ముకి వెళ్లడం మొదలుపెట్టింది. వారానికి నాలుగు రోజులు, పొద్దున్న ఐదున్నర నుంచి ఏడు వరకూ. ఆ గంటన్నరా పాప నా దగ్గర.

తన ఆఫీసులోనే పనిచేసే అమ్మాయి ఇంకొకరు కూడా అదే రోజు, అదే విభాగంలో పాల్గొంది. ఆ అమ్మాయి 1 గంట 38 నిమిషాల 10 సెకన్లకి పూర్తి చేసింది. అంటే ఏడున్నర నిమిషాలు ముందు. జిమ్ములో బరువులెత్తేటప్పుడు మా అమ్మాయి కంటే ఆ అమ్మాయి ఎప్పుడూ వెనకే. గొడవ అక్కడ మొదలైంది.

"బలం చాల్లేదు అత్తయ్యా. డెలివరీ తర్వాత ఒళ్లు మునుపటిలా లేదు" అంది కోడలు. వాళ్ల ట్రైనరు కూడా మొత్తం టైము చూసి, బలం పెంచాలి, వారానికి ఇంకో మూడు రోజులు సాయంత్రం కూడా రావాలి అన్నాడట. మా అబ్బాయి మొహం మాడ్చుకున్నాడు. "పొద్దున్నా సాయంత్రం జిమ్మేనా? పాప నిన్ను ఎప్పుడు చూడాలి?" అన్నాడు. మావారు పేపరు దించి, "ఇప్పుడిది అంత అవసరమా అమ్మా?" అన్నారు మెల్లిగా. మెల్లిగా అన్న మాటే ఎక్కువ తగులుతుంది. మూడో రోజున కోడలు బూట్లు అట్టపెట్టెలో పెట్టి నాకిచ్చి, "అటక మీద పెట్టించండి, ఇంక చాలు" అంది.

పెట్టెని అటకెక్కించలేదు. బీరువా పక్కన పెట్టాను. నెలల తరబడి చీకట్లో లేచి వెళ్లిన మనిషి ఒక్క అంకె చూసి మానేస్తానంటే, ఆ అంకె ఏమిటో చూడకుండా ఎలా ఊరుకుంటాం?

నేను బీకాం చదివాను. ఉద్యోగం చెయ్యలేదు గాని ముప్ఫై ఏళ్లుగా ఇంటి పద్దు రాస్తున్నాను. నెలాఖరుకి డబ్బు తక్కువైతే మొత్తం చూసి గుండెలు బాదుకుంటే లాభం లేదు, ఏ రోజు ఏ పద్దులో పోయిందో వరసగా చూడాలి. ఈ పందెంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. కాలికి కట్టిన చిన్న చిప్ వల్ల ప్రతి కిలోమీటరుకీ, ప్రతి కసరత్తుకీ పట్టిన సమయం విడివిడిగా వస్తుంది. అబ్బాయి చేత రెండు లెక్కలూ ప్రింటు తీయించాను. ఒకటి మా అమ్మాయిది, రెండోది ఆ స్నేహితురాలిది. ఆ అమ్మాయి సంతోషంగా ఇచ్చింది. నా పాత పద్దు పుస్తకంలో రెండు వరసలుగా రాసుకున్నాను.

మొదట కసరత్తులు కూడాను. మా అమ్మాయికి ఎనిమిదింటికీ కలిపి 43 నిమిషాలు. స్నేహితురాలికి 44 నిమిషాల 25 సెకన్లు. రెండుసార్లు కూడి చూశాను. తప్పు లేదు. కసరత్తుల్లో మా అమ్మాయే 1 నిమిషం 25 సెకన్లు ముందుంది. బండి తోయడానికి ఆ అమ్మాయికి 4:26 పడితే మా అమ్మాయికి 3:22. తాడుతో లాగడానికి ఆ అమ్మాయికి 6:48, మా అమ్మాయికి 5:40. ఇసక మూట నడకకి ఆ అమ్మాయికి 6:18, మా అమ్మాయికి 5:20.

బలం చాల్లేదన్న మాట అక్కడికక్కడే కొట్టేశాను. మరి ఏడున్నర నిమిషాలు ఎక్కడ పోయాయి?

తర్వాత పరుగులు చూశాను. మా అమ్మాయి ఎనిమిది కిలోమీటర్లకీ పట్టిన సమయాలు వరసగా ఇవి: 5:02, 5:48, 6:20, 6:31, 7:05, 6:48, 6:52, 7:34. మొత్తం 52 నిమిషాలు. స్నేహితురాలివి: 5:40, 5:44, 5:56, 5:58, 6:05, 5:52, 5:54, 6:16. మొత్తం 47 నిమిషాల 25 సెకన్లు.

ఆ రెండు వరసలూ ఓసారి మళ్లీ చదవండి. మొదటి కిలోమీటరులో మా అమ్మాయి 38 సెకన్లు ముందుంది. రెండో కిలోమీటరుకే 4 సెకన్లు వెనకబడింది. ఆ తర్వాత ప్రతి కిలోమీటరులోనూ వెనకే. స్నేహితురాలికి అన్నిటికంటే వేగమైన కిలోమీటరుకీ నిదానమైనదానికీ తేడా 36 సెకన్లు. మా అమ్మాయికి ఆ తేడా రెండున్నర నిమిషాలు.

చేతి గడియారంలో గుండె వేగం కూడా ఉంటుంది కదా. మొదటి కిలోమీటరు చివర అది నిమిషానికి 178 చూపించింది. 33 ఏళ్ల మనిషికి అది దాదాపు పైఅంచు. ఇంకా ఏడు కిలోమీటర్లూ ఎనిమిది కసరత్తులూ మిగిలుండగానే పైఅంచుకి వెళ్లిపోయింది. ఊపిరి అందే వేగాన్ని మించి మొదట్లోనే పరిగెడితే కండరాల్లో దాచుకున్న చక్కెర తొందరగా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నిదానించినా పోయింది తిరిగిరాదు. పండగ నెలలో మొదటి వారమే బజారుకెళ్లి జీతమంతా ఊడ్చేసినట్టు.

"అంత వేగం ఎందుకు పరిగెత్తావమ్మా?" అని అడిగాను. "హాల్లో పాటలు, కేకలు, పక్కనంతా జనం. వేగంగా వెళ్తున్నట్టే తెలియలేదు అత్తయ్యా" అంది. నిజమే. నేనూ అక్కడే ఉన్నాను. ఆ డప్పుల మోతకి నా కాళ్లే ఆగలేదు.

పరుగుల్లో పోయింది 4 నిమిషాల 35 సెకన్లు. ఇంకా కొంత ఉంది. అది కాగితంలో అట్టడుగున ఉన్న ఒక వరసలో దొరికింది. దాని పేరు రాక్స్‌జోన్. పరుగు బాట నుంచి కసరత్తు చేసే చోటికీ, అక్కణ్ణుంచి మళ్లీ బాటకీ మధ్య ఉండే జాగాని అలా అంటారు. అక్కడ చేసే పనేమీ లేదు, దాటడమే. కానీ గడియారం నడుస్తూనే ఉంటుంది. స్నేహితురాలికి అందులో 6 నిమిషాల 20 సెకన్లు పట్టింది. మా అమ్మాయికి 10 నిమిషాల 40 సెకన్లు. ఒక్కో కసరత్తుకీ సగటున ఆ అమ్మాయికి 48 సెకన్ల లోపు, మా అమ్మాయికి 80 సెకన్లు.

ఈ వరస ఎవరి కంటా పడకపోవడం నాకేమీ వింతనిపించలేదు. ఇంట్లో ఆడవాళ్ల సమయం పోయేది అక్కడే కదా. వంటకి గంట, బట్టలకి అరగంట అని అందరూ లెక్క చెప్తారు. పొయ్యి కట్టేసి చెయ్యి తుడుచుకుని, బాల్కనీలోకి వెళ్లబోతూ కిందపడ్డ బొమ్మ తీసి, తలుపు కొట్టినవాళ్లకి జవాబు చెప్పి, క్లిప్పుల డబ్బా ఎక్కడుందో వెతుక్కునే సమయం ఏ లెక్కలోనూ ఉండదు. ఈ పందెం వాళ్లు దానికొక పేరు పెట్టి, సెకన్లతో సహా రాసిచ్చారు.

ఆ పది నిమిషాల్లో ఏం చేసిందో తెలుసుకోవడానికి అబ్బాయి తీసిన వీడియోలు ముందేసుకుని కూర్చున్నాను. బండి తోశాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. రెండుసార్లు జుట్టు విప్పి మళ్లీ కట్టుకుంది. రోయింగ్ అయ్యాక బయటికి వెళ్లే దారి తప్పి వెనక్కి తిరిగింది. ఇంకోచోట కంచె దగ్గరకొచ్చి, నా చంకలో ఉన్న పాపని చూసి, "పెరుగన్నం తిందా అత్తయ్యా?" అని అడిగింది. తింది, నువ్వెళ్లు అన్నాను. దానికి పదిహేను సెకన్లు పట్టుంటుంది. దాన్ని మాత్రం నేను నష్టం కింద రాయలేదు.

ఇక్కడిదాకా లెక్క సరిపోయింది. పరుగుల్లో 4:35, రాక్స్‌జోన్‌లో 4:20, కలిపి 8 నిమిషాల 55 సెకన్లు పోయింది. కసరత్తుల్లో 1:25 కలిసొచ్చింది. మిగిలింది సరిగ్గా ఏడున్నర నిమిషాలు. మావారికి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని, "టాలీ అయింది" అన్నారు. అబ్బాయి కూడా, "అయితే బలం కాదన్నమాట, టైమ్ మేనేజ్‌మెంట్" అన్నాడు.

లెక్క సరిపోయినా నాకు ఒకటి సరిపోలేదు. కసరత్తులన్నిట్లో ముందున్న పిల్ల రెండింట్లో మాత్రం వెనకబడింది. నాలుగోది, బర్పీ బ్రాడ్ జంప్: స్నేహితురాలికి 5:55, మా అమ్మాయికి 6:25. ఎనిమిదోది, వాల్ బాల్స్: స్నేహితురాలికి 6:40, మా అమ్మాయికి 8:50. ఒక్క చివరిదాంట్లోనే 2 నిమిషాల 10 సెకన్లు. తొడల్లో బలం లేదనడానికి వీల్లేదు. ఎందుకంటే దానికి ముందు చేసిన ఇసక మూట నడక కూడా తొడల పనే, అందులో దాదాపు నిమిషం ముందుంది. అలసిపోయిందంటే అది కొంత నిజం. కానీ నాలుగోది చివరిది కాదు కదా, పందెం సగంలో ఉంది.

దూకేదాంట్లో వెనకబడింది. పూర్తిగా కూర్చుని ఒక్క ఊపున లేచేదాంట్లో వెనకబడింది. మళ్లీ వీడియో చూశాను. దూకబోయే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతోంది. మోకాళ్లు దగ్గరికి చేర్చుకుంటోంది. బంతి విసిరేటప్పుడు కూడా పూర్తిగా కిందికి కూర్చోవడానికి వెనకాడుతోంది. అందుకే జడ్జి చాలాసార్లు లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడు నీళ్ల సీసా గుర్తొచ్చింది. పందెం రోజు పొద్దున్న ఐదింటికి హోటల్లో నేనే లీటరు సీసా నింపి తన సంచిలో పెట్టాను. సాయంత్రం గదికొచ్చి సంచి సర్దుతుంటే అది నిండుగానే ఉంది. ముందురోజు రాత్రి భోజనం దగ్గర కూడా గుక్కెడు తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. మేలో, ముంబైలో, గంటన్నర పైగా చెమటోడ్చే పనికి వెళ్తూ ఎవరైనా అలా చేస్తారా?

ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. ఆ తర్వాత చాలా ఏళ్లు తుమ్మొస్తే కాళ్లు బిగించుకుని నిలబడ్డదాన్ని. పెళ్లిళ్లకి వెళ్లాలంటే పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా ఉన్నదాన్ని. నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

పాప నిద్రపోయాక, అబ్బాయీ మావారూ హాల్లో మ్యాచ్ చూస్తుంటే, కోడల్ని వంటింట్లోకి పిలిచాను. "దూకితే ఇబ్బందిగా ఉంటోందా అమ్మా? డెలివరీ అయినప్పట్నుంచా?" అని అడిగాను. కాసేపు గిన్నెలు సర్దుతున్నట్టు నటించింది. తర్వాత గట్టు మీద చెయ్యి ఆనించి ఏడ్చేసింది. దూకినప్పుడల్లా, బరువుతో కూర్చుని లేచినప్పుడల్లా కొంచెం మూత్రం జారిపోతోందట. జిమ్ములో నల్ల ప్యాంటు తప్ప వేసుకోదట. ముంబైలో అంతమంది మధ్య ఏమవుతుందో అని ముందురోజు మధ్యాహ్నం నుంచే నీళ్లు తగ్గించేసిందట. ట్రైనరు మగవాడు, చెప్పలేదు. మొగుడికీ చెప్పలేదు. "నా ఒళ్లు ఇంకంతే అత్తయ్యా. బలం చాల్లేదు అంటే ఇదే" అంది.

అప్పుడు అర్థమైంది, తను బలం అన్నప్పుడు దేన్ని అంటోందో. ట్రైనరు బరువుల గురించి అనుకున్నాడు, అబ్బాయి గంటల గురించి అనుకున్నాడు. ముగ్గురూ ఒకే మాట మీద పదిహేను రోజులు వాదించుకున్నారు.

నీళ్లు తాగకపోవడం ఎంత దెబ్బ తీసిందో ఏ వరసలోనూ విడిగా రాసుండదు. కానీ ఒంట్లో నీరు తగ్గితే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసొస్తుంది, అలసట తొందరగా వస్తుంది. ఆరో కిలోమీటరు నుంచి ఎనిమిదో కిలోమీటరు దాకా ఉన్న అంకెల్లో అది కూడా కలిసే ఉంటుంది. రాక్స్‌జోన్‌లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిన క్షణాల్లోనూ ఉంటుంది.

మర్నాడు సెలవు పెట్టించి, మా గైనకాలజిస్టు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. ప్రసవం తర్వాత చాలామందికి వచ్చేదే, దాచుకుని బతకాల్సిన పని లేదు అన్నారు. మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ కింద నుంచి ఉయ్యాలలా మోసే కండరాలు కొన్ని ఉంటాయి. ప్రసవంలో అవి సాగి నీరసపడతాయి. వాటికీ వ్యాయామం ఉంది, మందుల కంటే ముందు చెప్పేది అదే. ఇలాంటివి చూసే ఆడ ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపించారు. ఆవిడ ముందు పరీక్ష చేసి, ఏ కండరాన్ని బిగించాలో, ఎన్ని సెకన్లు పట్టి ఉంచాలో, ఎలా వదలాలో నేర్పించింది. బిగించడం ఎంత ముఖ్యమో పూర్తిగా వదలడం కూడా అంతే ముఖ్యమట. ఊపిరి బిగబట్టి బరువెత్తకూడదని, ఎత్తేటప్పుడే ఊపిరి వదలాలని చెప్పింది. కొన్ని వారాలు దూకుళ్లు ఆపించింది. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు. కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. నేనూ చేస్తున్నాను, ఈ వయసులో కూడా పనిచేస్తుందని ఆవిడే అంది.

అబ్బాయికి తనే చెప్పింది. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. ఆ రాత్రి బీరువా పక్కనున్న పెట్టెలోంచి బూట్లు తీసి గుమ్మం దగ్గర స్టాండులో పెట్టాడు.

సాయంత్రం మూడు రోజుల జిమ్ము ప్రస్తావన పోయింది. ఉన్న నాలుగు రోజుల్లోనే మార్పులు చేసుకుంది. ఒక రోజు బరువులు తగ్గించి పరుగు పెట్టుకుంది. మొదటి కిలోమీటరు 5:45 కంటే వేగంగా వెళ్తే చేతి గడియారం మోగేలా పెట్టుకుంది. ఒక కసరత్తు అయ్యాక ఆగకుండా, నిదానంగానైనా సరే, నడుస్తూ ఊపిరి తీసుకుని మళ్లీ పరుగు అందుకోవడం విడిగా సాధన చేస్తోంది. జుట్టు ముందే రెండు జడలు గట్టిగా వేసుకుంటోంది, అవి నేను వేస్తాను. వాల్ బాల్స్ మొదట్లోనే నలభై ఏకబిగిన విసిరి ఆ తర్వాత ఐదేసి చొప్పున తూలుకుంటూ చేసింది ముంబైలో. ఇప్పుడు మొదట్నుంచీ పదేసి, మధ్యలో మూడు ఊపిర్లు.

పద్నాలుగు వారాలైంది. పోయిన ఆదివారం జిమ్ములో సగం పందెం చేసి చూసుకుంది, నాలుగు పరుగులు, నాలుగు కసరత్తులు. పరుగులు 5:47, 5:50, 5:58, 6:02. దూకుళ్లలో ఆగలేదు. ఇబ్బంది పూర్తిగా పోలేదు, చాలా తగ్గింది అంది. తర్వాతి పందేనికి పేరిస్తుందో లేదో తనింకా తేల్చుకోలేదు, మేమెవరం అడగడం లేదు.

ఇది చదివేవాళ్లలో పరిగెత్తేవాళ్లు తక్కువే ఉంటారు. అయినా ఒక మాట. మీ ఇంట్లో ఈమధ్యే తల్లైన పిల్ల ఉంటే, బయటికి వెళ్లేటప్పుడు నీళ్లు తాగడం మానేస్తోందేమో గమనించండి. పాపని ఎగరేసి ఆడించమంటే ఏదో వంక చెప్తోందేమో చూడండి. నలుగురిలో కాకుండా, వంటింట్లోకి పిలిచి అడగండి. తనంతట తాను చెప్పదు, మనమూ ఎవరికీ చెప్పలేదు కదా.